పిల్ల శవం మెప్పించింది, సినిమా తడబడింది: హాంకాంగ్ దెయ్యం కామెడీ ‘మిస్టర్ వాంపైర్ 2’

క్లుప్తంగా: 1985లో హాంకాంగ్‌లో పెద్ద హిట్టయిన ‘మిస్టర్ వాంపైర్’కు ఏడాది తిరగకముందే, 1986లో, రెండో భాగం వచ్చింది. గెంతే శవాలను పాత పల్లెటూళ్ల నుంచి ఆధునిక నగరానికి తెచ్చి, వాటిలో ఒక పిల్లవాణ్ణి కూడా పెట్టింది. ఆలోచన మంచిదే, కొన్ని సన్నివేశాలు గొప్పగా కూడా ఉన్నాయి. అయినా సినిమా మొత్తం మీద ఒక మోస్తరుగానే మిగిలింది. భయపెట్టే కథనూ జాలిపుట్టించే కథనూ ఒకే సినిమాలో పెట్టి, రెంటిలో దేనికీ పూర్తిగా కట్టుబడకపోవడమే దానికి ప్రధాన కారణం.

పేరులో రెండు, కథలో కొత్త మొదలు

పాత హాంకాంగ్ సినిమాలు ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని చూసే వీలుంది. మొదటి భాగం నచ్చి రెండోది మొదలుపెట్టినవాళ్లకు పది నిమిషాల్లోనే అయోమయం మొదలవుతుంది. మొదటి కథ ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో, చైనాలో రాజరికం పోయిన కొత్తలో జరుగుతుంది. రెండోది 1980ల హాంకాంగ్‌లో, కార్లూ ఆస్పత్రులూ ఉన్న లోకంలో జరుగుతుంది. నటులు కొందరు వాళ్లే, పాత్రలు మాత్రం వేరు. మొదటి భాగంలో దెయ్యాలను మంత్రాలతో అదుపు చేసే తావో మతపు గురువుగా కనిపించిన లామ్ చింగ్-యింగ్ ఇక్కడ మూలికా వైద్యుడు. మూన్ లీ అతని కూతురు. మొదటి సినిమాలో లేని యూన్ బియావ్ ఆ ఇంటికి అల్లుడు కావాలనుకునే విలేకరిగా వస్తాడు.

అంటే ఇది కథను కొనసాగించే సీక్వెల్ కాదు. అదే దర్శకుడు రికీ లౌ, అదే నిర్మాత సామో హంగ్, అదే రకం దెయ్యం, కొత్త కథ. పాత కథ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలవుతుందని ఎదురుచూసేవాళ్లకు నిరాశ తప్పదు. పేరును మాత్రమే వాడుకుని కొత్త కథ చెప్పడం అప్పటి హాంకాంగ్ పరిశ్రమలో మామూలు సంగతి. కాబట్టి పాత్రలు మారడం లోపం కాదు. చూడాల్సింది, కొత్త కథ తన కాళ్ల మీద తాను నిలబడిందా లేదా అన్నది.

కథ చిన్నదే. ఒక పురావస్తు ప్రొఫెసర్, అతని ఇద్దరు సహాయకులు ఒక గుహలో చెక్కుచెదరని మూడు శవాలను కనుగొంటారు: తండ్రి, తల్లి, కొడుకు. నుదుట మంత్రం రాసిన పసుపు కాగితాలు ఉన్నంతసేపు అవి కదలవు. ప్రొఫెసర్‌కు చరిత్ర మీద కన్నా డబ్బు మీద ఆశ ఎక్కువ. వాటిని దొంగచాటుగా అమ్మాలని చూస్తాడు. పిల్ల శవం తప్పించుకుని ఒక ఇంట్లో చేరి, అక్కడి చిన్నపిల్లతో స్నేహం చేస్తుంది. పెద్ద శవాలు లేస్తాయి. సహాయకుడి ఒంటి మీద కాటు చూసిన వైద్యుడికి అసలు సంగతి అర్థమవుతుంది. అక్కడి నుంచి వెతుకులాట, పోరాటాలు.

ఈ దెయ్యానికి పగ లేదు, నియమాలున్నాయి

తెలుగు హారర్ కామెడీల్లో దెయ్యానికి సాధారణంగా ఒక గతం ఉంటుంది. ఎవరో అన్యాయం చేశారు, ఆ పగ తీర్చుకోవడానికి తిరిగొచ్చింది. ఫ్లాష్‌బ్యాక్ పూర్తయ్యేసరికి దెయ్యం పక్షాన నిలబడతాం. హాంకాంగ్ సినిమాల్లోని జియాంగ్‌షీ అలాంటిది కాదు. అది ఆత్మ కాదు, శవం. చైనాను చివరగా ఏలిన చింగ్ వంశం కాలపు అధికారి దుస్తుల్లో, బిగుసుకుపోయిన కాళ్లతో, ముందుకు చాచిన చేతులతో గెంతుతూ వస్తుంది. దానికి ఫిర్యాదు ఏమీ ఉండదు. మనిషి ఊపిరిని పసిగట్టి వెంటపడుతుంది, అంతే.

ఈ నమ్మకానికి మూలం చెప్పేటప్పుడు చైనాలోని హునాన్ రాష్ట్రపు పశ్చిమ ప్రాంతం కథలను ఎక్కువగా తలుచుకుంటారు. ఊరుగాని ఊళ్లో చనిపోయినవాళ్లను సొంతూరి మట్టిలో పాతిపెట్టడానికి తావో పూజారులు మంత్రంతో శవాలను నడిపించుకుంటూ తీసుకెళ్లేవాళ్లని ఆ ప్రాంతంలో చెప్పుకునేవారు. పద్దెనిమిదో శతాబ్దపు రచయితలు యువాన్ మెయ్, జీ యున్ సేకరించిన వింత కథల్లోనూ లేచి నడిచే శవాలున్నాయి. హాంకాంగ్ సినిమా వీటిని తీసుకుని ఒక ఆటగా మలిచింది. ఆటకు నియమాలు కావాలి కదా. ఊపిరి బిగపడితే శవానికి మనిషి కనపడడు. పసుపు కాగితం నుదుట అంటిస్తే ఆగుతుంది, ఊడితే లేస్తుంది. కాటుపడ్డవాణ్ణి జిగురు బియ్యంతో బతికించవచ్చు.

మొదటి భాగం నవ్వంతా ఈ నియమాల మీదే నిలబడింది. శవం బయటికి రాకుండా శవపేటిక మీద, వడ్రంగులు గీతలు కొట్టే సిరా దారంతో గీతలు కొట్టమని గురువు చెబుతాడు. శిష్యులు అన్ని వైపులా కొట్టి అడుగు భాగం మరిచిపోతారు. అక్కడి నుంచే అనర్థమంతా పుడుతుంది. జిగురు బియ్యం కొనడానికి వెళితే వ్యాపారి అందులో మామూలు బియ్యం కలిపి అమ్ముతాడు, వైద్యం వికటిస్తుంది. కల్తీ బియ్యం వల్ల ఒక మనిషి శవంగా మారబోవడం ఎంత భయంకరమో అంత నవ్వు పుట్టిస్తుంది. ఇక్కడ భయానికీ నవ్వుకూ మూలం ఒకటే. నియమం ప్రేక్షకుడికి ముందే తెలుసు. తప్పు కళ్ల ముందే జరుగుతుంది. ఫలితం కోసం టెన్షన్‌గా ఎదురుచూస్తాడు. ఫలితం వచ్చినప్పుడు అరుపూ నవ్వూ ఒకేసారి వస్తాయి. ఇంత పకడ్బందీ అల్లిక ఆ తరహా సినిమాల్లో అరుదు.

రెండో భాగంలోనూ ఈ నియమాలున్నాయి. కాగితం ఊడటం, అంటించడం, మళ్లీ ఊడటం మీద నడిచే తొలి సన్నివేశాలు హుషారుగా సాగుతాయి. అయితే ఒక తేడా ఉంది. మొదటి భాగంలో ఒక తప్పు తర్వాతి పెద్ద సంఘటనకు దారితీస్తుంది. ఇక్కడ ఒక తప్పు ఒక సన్నివేశానికి పనికొచ్చి అక్కడే ఆగిపోతుంది. నవ్వు వస్తుంది, కథ మాత్రం ముందుకు జరగదు.

పిల్లవాడు ఎవరు? సరిహద్దు దాటొచ్చినవాడా?

సినిమాలో అన్నిటికన్నా తెలివైన మలుపు పిల్ల జియాంగ్‌షీది. తెల్లబారిన ముఖంతో, వింత దుస్తులతో, మాటలు రాకుండా ఇంట్లోకి వచ్చిన పిల్లవాణ్ణి చూసి ఆ ఇంటి చిన్నపిల్ల దెయ్యం అనుకోదు. చైనా ప్రధాన భూభాగం నుంచి దొంగచాటుగా వచ్చినవాడని అనుకుంటుంది. పెద్దవాళ్లకు తెలియకుండా దాచిపెడుతుంది.

ఈ జోకు బలం తెలియాలంటే అప్పటి హాంకాంగ్ పరిస్థితి తెలియాలి. 1974 నుంచి అక్కడి బ్రిటిష్ పాలకులు ఒక విచిత్రమైన పద్ధతి పాటించారు. చైనా నుంచి అనుమతి లేకుండా వచ్చినవాడు సరిహద్దు దగ్గర దొరికితే వెనక్కి పంపేస్తారు. ఎలాగోలా పట్టణ ప్రాంతం దాకా చేరుకుంటే ఉండనిస్తారు. 1980 అక్టోబరులో ఆ వెసులుబాటు రద్దయింది. ఆ తర్వాత ఎక్కడ దొరికినా వెనక్కే. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవడం తప్పనిసరైంది. 1984 డిసెంబరులో బ్రిటన్, చైనా ఒప్పందం మీద సంతకాలు చేసి, 1997లో నగరం చైనా చేతికి వెళుతుందని ఖాయం చేశాయి. అంటే 1986లో థియేటర్లో కూర్చున్న ప్రేక్షకుల్లో చాలామంది వాళ్లో వాళ్ల అమ్మానాన్నలో సరిహద్దు దాటొచ్చినవాళ్లే. అదే సమయంలో కొత్తగా వచ్చేవాళ్ల మీద అనుమానం పెంచుకుంటున్నవాళ్లూ వాళ్లే. ఇంకో పదకొండేళ్లలో ఆ సరిహద్దు అవతలి ప్రభుత్వమే తమ ప్రభుత్వం కాబోతోందని తెలిసినవాళ్లు కూడా.

అలాంటి ఊళ్లో పాత చైనా దుస్తులు వేసుకున్న ఒక కుటుంబం సమాధిలోంచి లేచి వస్తుంది. కార్డు లేదు, భాష లేదు, ఉండటానికి చోటు లేదు. పిల్ల మనసు వాణ్ణి ఆట నేస్తంగా చూస్తుంది. పెద్దల లోకం వాణ్ణి అమ్మడానికో పట్టుకోవడానికో చూస్తుంది. ఈ ఒక్క ఆలోచనతో మొదటి భాగానికి లేని లోతు రెండో దానికి వచ్చింది. మొదటి భాగంలో శవం పాత పీడకల మాత్రమే. ఇక్కడ శవం చుట్టమా, చొరబాటుదారా అన్న ప్రశ్న లేస్తుంది. సినిమా దాన్ని మాటల్లో చెప్పదు, చెప్పకపోవడమే మంచిది. పిల్లలిద్దరూ కలిసి ఆడుకునే సన్నివేశాల్లో ఆ ప్రశ్న తనంతట తాను కనిపిస్తుంది.

హాలీవుడ్‌లో 1982లో వచ్చిన ‘ఈ.టీ.’ ప్రభావం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. మాటరాని అతిథి, దాచిపెట్టే పిల్లలు, వెంటపడే పెద్దలు, వరస అంతా అదే. కానీ గ్రహాంతరవాసి స్థానంలో పూర్వీకుడి శవాన్ని పెట్టడం హాంకాంగ్ సొంత ఆలోచన. ఏటా చాంద్రమానపు ఏడో నెలలో వీధుల్లో కాగితపు డబ్బు తగలబెట్టి, ఆకలితో తిరిగే ఆత్మలకు భోజనం పెట్టే ఊరు అది. ఆ నెలలో వేసే నాటకాల్లో ముందు వరుస కుర్చీలు దెయ్యాల కోసం ఖాళీగా ఉంచడం ఆచారం. చనిపోయినవాళ్లు అతిథులుగా రావడం అక్కడి పిల్లలకు కొత్త సంగతి కాదు.

వేగం తీసేసినప్పుడు

సినిమా చూసినవాళ్లు ఎక్కువగా గుర్తుపెట్టుకునేది ఒక పోరాట సన్నివేశం. మందుల సీసాలున్న గదిలో వైద్యుడు, విలేకరి, కూతురు పెద్ద శవాలతో తలపడతారు. మత్తు మందు సీసా పగులుతుంది. గాలిలో కలిసిన ఆ మందు మనుషుల మీదా పనిచేస్తుంది, శవాల మీదా పనిచేస్తుంది. అందరూ నెమ్మదైపోతారు. పారిపోవాలి, కాలు కదలదు. కొట్టాలి, చెయ్యి లేవదు. శవానిదీ అదే అవస్థ.

ఇది ఎందుకు పనిచేసిందో కాస్త వివరంగా చూడాలి. సామో హంగ్, యూన్ బియావ్ ఇద్దరూ యూ జిమ్-యూన్ నడిపిన పెకింగ్ ఒపెరా (పాటతో పాటు ఒంటి విన్యాసాలుండే చైనా సంప్రదాయ నాటకం) బడిలో, జాకీ చాన్‌తో పాటు చిన్నప్పుడే శిక్షణ పొందినవాళ్లు. లామ్ చింగ్-యింగ్ కూడా ఒపెరా నేర్చుకుని, బ్రూస్ లీ సినిమాల్లో స్టంట్ మనిషిగా పనిచేసి వచ్చినవాడు. ఈ బృందం పేరు తెచ్చుకున్నది వేగంతో. ఆ వేగాన్నే తీసేయడం సాహసం. వేగంగా జరిగే ఫైట్‌లో ఎవరు ఎవరిని ఎలా తప్పించుకున్నారో కన్ను పట్టుకునేలోపే అయిపోతుంది. నెమ్మదిగా జరిగితే ప్రతి అడుగూ, ప్రతి చూపూ, దెబ్బ తగలబోతోందని తెలిసిన ముఖం అంతా కనిపిస్తుంది. ఒపెరాలో నేర్చుకున్న శరీర నియంత్రణ ఇక్కడే బయటపడుతుంది. పైగా ఇది నియమం మీద నడిచే నవ్వు. మందు పీల్చినవాళ్లందరికీ ఒకే శిక్ష. మొదటి భాగం సూత్రాన్ని రెండో భాగం తన సొంతం చేసుకున్నది ఈ ఒక్కచోటే.

అయితే సన్నివేశం అవసరానికి మించి సాగుతుంది. మొదట్లో కడుపుబ్బ నవ్వించిన నెమ్మదితనం కొంతసేపటికి నిజంగానే నెమ్మదిగా అనిపిస్తుంది. మూడోవంతు కత్తిరించి ఉంటే ఆ తరహా సినిమాలన్నిటిలోనూ మొదటి వరుసలో నిలిచేది.

ఎక్కడ జారింది

సినిమాలో మూడు దారులున్నాయి. ప్రొఫెసర్ ముఠా, పిల్లల ఇల్లు, వైద్యుడి కుటుంబం. ఒక్కొక్కటీ విడిగా బాగానే ఉంటుంది. కానీ చాలాసేపు ఒకదానితో మరొకటి కలవవు. లామ్ చింగ్-యింగ్ లాంటి నటుడు కథలోకి ఆలస్యంగా వస్తాడు. మొదటి భాగంలో అతని గంభీరమైన ముఖమే నవ్వుకు ఇరుసు. చుట్టూ ఉన్నవాళ్లు ఎంత వెర్రిపనులు చేసినా అతను నవ్వడు, కాబట్టి మనం నవ్వుతాం. ఆ ముఖం లేని ఈ సినిమా ఆరంభంలో ప్రొఫెసర్, సహాయకుల అరుపులూ పరుగులే దిక్కు. వాళ్లను అదుపు చేసే మనిషి లేకపోవడంతో హాస్యం గోల స్థాయిలోనే ఉండిపోతుంది.

దీనికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. పిల్ల శవాన్ని ప్రేమించమని సినిమా అడుగుతుంది. పెద్ద శవాలను చూసి భయపడమని కూడా అడుగుతుంది. ముగ్గురూ ఒకే కుటుంబం, ఒకే జాతి. పిల్లవాడికి మనసుంటే అమ్మానాన్నలకు ఎందుకు ఉండదు? వాళ్లు బిడ్డ కోసం వెతుకుతున్నారన్న సంగతి కథలో ఉంది. దాన్ని చివరి దాకా పట్టుకుని ఉంటే వైద్యుడు చేసే ప్రతి పని మీదా ఒక నీడ పడేది. దెయ్యాన్ని అంతం చేస్తున్నాడా, ఒక పిల్లవాడికి తల్లిదండ్రులను దూరం చేస్తున్నాడా అన్న సందేహం పుట్టేది. పోరాటాలు మొదలవగానే సినిమా ఆ ప్రశ్నను పక్కనపెట్టి, పెద్ద శవాలను తన్ని పడగొట్టాల్సిన వస్తువులుగానే చూస్తుంది. పిల్లల సన్నివేశాలు వచ్చినప్పుడు మళ్లీ జాలి కోరుతుంది.

ఫలితంగా రెండు వైపులా నష్టమే. శవం ముద్దొచ్చేలా ఉందని ఒకసారి చూపించాక భయం సగం పోతుంది. శవాలను కొట్టి పడేసే ఫైట్ల తర్వాత జాలి కూడా నిలవదు. హారర్ కామెడీ భయాన్నీ నవ్వునూ కలిపి నడపగలదు, ఎందుకంటే రెండూ అనుకోని దెబ్బ మీద ఆధారపడేవే. జాలి మాత్రం సమయం అడుగుతుంది. ఈ సినిమా ఆ సమయం ఇవ్వలేదు.

నగరం విషయంలోనూ ఇలాంటి వెనకడుగే ఉంది. జియాంగ్‌షీని కాంక్రీటు ఊరికి తెచ్చినప్పుడు ఎన్ని అవకాశాలు తెరుచుకుంటాయి! లిఫ్టులు, రద్దీ బస్సులు, అగ్గిపెట్టెల్లాంటి ఫ్లాట్లు, ఊపిరి బిగపట్టడానికే చోటు లేని వీధులు. సినిమా వీటి జోలికి పెద్దగా పోలేదు. ఎక్కువ భాగం ఇళ్లలో, గదుల్లోనే గడిపింది. మొదటి భాగంలో గురువు, శిష్యుడు ఇంగ్లిష్ తరహా కాఫీ ఎలా తాగాలో తెలియక ఇబ్బంది పడే చిన్న సన్నివేశం పాతకూ కొత్తకూ మధ్య తేడాను ఎంతో చక్కగా పట్టుకుంది. ఆధునిక నగరంలోనే జరిగే రెండో భాగంలో అంత సూక్ష్మమైన సన్నివేశం ఒక్కటీ లేకపోవడం బాధ కలిగిస్తుంది.

రీళ్ల లెక్క, థియేటర్ల ఆకలి

ఈ లోపాలను దర్శకుడి అలసత్వంగా మాత్రమే చూస్తే అన్యాయం. అప్పటి పరిశ్రమ పనిచేసిన తీరు ఇలాంటి సినిమానే పుట్టిస్తుంది. 1980ల మధ్యలో హాంకాంగ్‌లో థియేటర్ల గొలుసులు ఒకదానితో ఒకటి పోటీపడేవి. ఈ సినిమాను విడుదల చేసిన గోల్డెన్ హార్వెస్ట్ సంస్థ గొలుసుకు కొత్త సినిమాలు ఆగకుండా కావాలి. ఒకటి హిట్టయితే అదే తరహాలో ఇంకొకటి వెంటనే రావాలి, ఆలస్యమైతే పోటీ సంస్థ చేసేస్తుంది. తైవాన్, ఆగ్నేయాసియా పంపిణీదారులు ముందే డబ్బిచ్చేవాళ్లు. వాళ్లు అడిగేది పేరు, నటులు, దెయ్యం. స్క్రిప్టు ఎంత బిగువుగా ఉందో వాళ్లకు పట్టదు.

కథను రీళ్లవారీగా ఆలోచించడం మరో అలవాటు. సుమారు గంటన్నర సినిమాను తొమ్మిదీ పది రీళ్లుగా లెక్కేసి, ప్రతి రీలులో ఒక నవ్వు, ఒక ఫైట్ ఉండేలా చూసుకునేవారు. విడుదలకు ముందు అర్ధరాత్రి ఆటలు వేసి, జనం ఎక్కడ నవ్వుతున్నారో ఎక్కడ విసుక్కుంటున్నారో చూసి కత్తిరించేవారు. ఈ పద్ధతిలో బోరు కొట్టని సినిమా వస్తుంది. విడి సన్నివేశాలు మెరుస్తాయి. మొత్తాన్ని ఒక తాటి మీద నడిపే పని మాత్రం వెనకబడుతుంది. మొదటి భాగంలో నియమాలే ఆ తాడు. రెండో భాగం ఆ తాడు వదిలి జాలిని పట్టుకోబోయింది. జాలి రీలుకు ఇంత అని పంచితే పండదు.

డబ్బింగ్ సంగతి కూడా చెప్పుకోవాలి. అప్పట్లో షూటింగ్ చేశాక మాటలు తర్వాత కలిపేవారు. చిత్రీకరణ వేగంగా సాగేది, నటుడి గొంతులోని సూక్ష్మమైన తేడాలు పోయేవి. హాంకాంగ్ జనం మాట్లాడే కాంటనీస్‌లో ఒకే శబ్దానికి స్వరం మారితే అర్థం మారుతుంది, చతురోక్తులు చాలావరకు దాని మీదే ఆధారపడతాయి. సబ్‌టైటిళ్లలో అవి అందవు. సబ్‌టైటిళ్లతో చూసే ప్రేక్షకుడికి సినిమా ఆరంభంలోని గోల మరింత గోలగా అనిపించడానికి ఇదొక కారణం. ఒంటితో చేసే హాస్యం, పిల్లవాడి అభినయం మాత్రం భాష లేకుండానే చేరతాయి. బయటి దేశాల్లో ఈ సినిమాకు దొరికిన ఆదరణ ఎక్కువగా వాటి వల్లే.

ఆ తర్వాత

మొదటి భాగం హాంకాంగ్‌లో రెండు కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటి వసూలు చేసింది. రెండోది ఆ స్థాయి అందుకోలేదు. 1987లో వచ్చిన మూడో భాగం ఆధునిక నగరాన్ని వదిలేసి పాత కాలానికి, లామ్ చింగ్-యింగ్ గురువు పాత్రకు తిరిగి వెళ్లిపోయింది. రెండో భాగం ప్రయోగం తమకు కలిసిరాలేదని నిర్మాతలు అనుకున్నట్టే.

పిల్ల జియాంగ్‌షీ మాత్రం సినిమాను దాటి బతికింది. అదే 1986లో తైవాన్‌లో పిల్ల శవాలతో ఒక సినిమాల వరస మొదలైంది. అది జపాన్‌లో విపరీతంగా ఆడింది. జపాన్‌లో రెండో భాగాన్ని శవాల పిల్లలను ముందుకు తెచ్చే పేరుతో విడుదల చేశారు. అక్కడి పిల్లలు నుదుట కాగితం అంటించుకుని గెంతే ఆటలు ఆడారు. 1988లో ‘మిస్టర్ వాంపైర్’ ఆధారంగా అక్కడ ఒక వీడియోగేమ్ వచ్చింది. 1989 నాటి ‘సూపర్ మారియో ల్యాండ్’లో కూడా గెంతే శవం శత్రువుగా కనిపిస్తుంది.

లామ్ చింగ్-యింగ్ 1997 నవంబరులో, నలభై నాలుగేళ్ల వయసులో కాలేయ క్యాన్సర్‌తో చనిపోయాడు. 2013లో జూనో మాక్ తీసిన ‘రిగర్ మోర్టిస్’ మొదటి భాగం నటులు కొందరిని మళ్లీ తెర మీదికి తెచ్చింది. జియాంగ్‌షీని మురికిపట్టిన హౌసింగ్ బ్లాకులోకి తీసుకొచ్చి, నవ్వును దాదాపుగా తీసేసింది. పాత దెయ్యానికి కాంక్రీటు నగరంలో చోటుందని, అయితే భయమో నవ్వో జాలో ఏదో ఒకదానికి గట్టిగా కట్టుబడాలని ఆ సినిమా చూపించింది. 1986 సినిమాకు కొరవడింది ఆ పట్టుదలే.

కొత్తగా చూడాలనుకునేవాళ్లు మొదటి భాగంతో మొదలుపెట్టడం మేలు. ఊపిరి, కాగితం, జిగురు బియ్యం అక్కడ ఓపికగా పరిచయమవుతాయి. అవి తెలిసి రెండో దానికి వస్తే, తొలి అరగంట గోలను కాస్త ఓర్చుకుంటే చాలు. పిల్లలిద్దరి స్నేహం, మత్తు మందు పోరాటం ఆ ఓపికకు తగ్గ ఫలితం ఇస్తాయి.